వంగ శార్దూలము ఫజ్లుల్ హక్

వంగదేశమునకును మన రాయలసీమకును పోలిక తక్కువ. అచట నదులు పొంగి పొలములను ముంచును. ఇచట వాన మొగము చాటుచేయగా చెరువులెండి నేల బీటలువారును. అచటి రైతు వరియు జనుమును పండించును. ముదిగుబ్బ చుట్టుపట్ల రైతు వేరుసెనగయో, కొర్రయో, జొన్నయో విత్తి ఆకాశము వంక చూచును. అయినను ఒక్క విషయమున ఇరువురిదియు ఒకటే బాధ. అది అప్పు. పంట ఇల్లు చేరకమునుపే కళ్లములోనే వడ్డీ క్రింద జమయగుట ఇచటి వృద్ధులకెట్లు తెలిసిన సంగతియో, పద్మానదీ ప్రాంతమున కాపురముండినవారికిని అట్లే తెలిసిన సంగతి.

ఆ బరువును తగ్గింపవలెనను సంకల్పముతో రైతుల పక్షమును నిర్మించి, అధికారము కొరకు వేరొక పక్షముతో చేయి కలిపి, పిదప ఆ పక్షపు అధినేత ఆజ్ఞకు తలయొగ్గలేక బయటికి వచ్చిన ముస్లిం నాయకుడొకడు వంగదేశమున నుండెను. ఆయన పేరు అబుల్ కాసిం ఫజ్లుల్ హక్. ఆంధ్రులు టంగుటూరి ప్రకాశం పంతులుగారిని ఆంధ్రకేసరియని పిలుచుకొనినట్లే, వంగీయులు హక్‌గారిని షేర్-ఎ-బంగ్లా, అనగా వంగ శార్దూలమని పిలుచుకొనిరి. ఆయన జీవితమున ఔన్నత్యమును కలదు, తడబాటును కలదు. రెండింటిని దాచక చెప్పుకొనుటయే ఆయనకు చేయదగిన గౌరవము.

హక్‌గారు 1873వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన బాకర్‌గంజ్ జిల్లాలోని సాతూరియా గ్రామమున మేనమామల ఇంట జన్మించిరి. స్వగ్రామము చాఖార్. తండ్రి మహమ్మద్ వాజిద్‌గారు బారిసాల్ పట్టణమున పేరుపొందిన వకీలు. ఆయనకు వీరొక్కరే కుమారుడు. బాల్యమున ఇంటివద్ద అరబ్బీ పారశీకములు నేర్చి, బారిసాల్ జిల్లా పాఠశాలలో చదువు ముగించుకొని, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిరి. రసాయన, గణిత, భౌతిక శాస్త్రములు మూడింటను ప్రత్యేక గౌరవముతో బి.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. గణితశాస్త్రమున ఎం.ఏ. పట్టమును, 1897లో న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. ముస్లిం కుటుంబముల బిడ్డలు ఆంగ్లవిద్యకు దూరముగా నుండిన ఆ కాలమున ఇట్టి చదువు మిక్కిలి అరుదు.

న్యాయవాద వృత్తిలో ఆయనకు గురువైనవారు సర్ అశుతోష్ ముఖర్జీగారు. కలకత్తా విశ్వవిద్యాలయమునకు ప్రాణము పోసిన ఆ మహనీయుని వద్ద ముస్లిం యువకుడొకడు శిష్యరికము చేయుట నాటికి విశేషమే. ఈ సంబంధమును చదువరులు గుర్తుంచుకొనవలెను. నలువది యేండ్ల తరువాత అశుతోష్‌గారి కుమారుడు శ్యామాప్రసాద్ ముఖర్జీయే హక్‌గారి మంత్రివర్గమున చేరి దేశమునెల్ల ఆశ్చర్యపరచెను.

1906లో హక్‌గారు ప్రభుత్వోద్యోగమున ప్రవేశించి డిప్యూటీ మేజిస్ట్రేటైరి. ఆ సంవత్సరమే డిసెంబరు నెలలో ఢాకా నగరమున నవాబు సలీముల్లాగారి ఆతిథ్యమున అఖిలభారత ముస్లిం లీగు పుట్టెను. దాని పుట్టుకకు తోడ్పడిన యువకులలో హక్‌గారొకరు. పిదప సహకార సంఘముల శాఖలో సహాయ రిజిస్ట్రారుగా పనిచేయుచు పల్లెపల్లెకు తిరిగిరి. రైతు ఇంటి గుమ్మములో కూర్చుండి అతని ఋణపత్రములను చదివిచూచు అవకాశము ఆయనకా ఉద్యోగమువలన లభించెను. తరువాతి కాలమున శాసనసభలో ఆయన పలికిన ప్రతి మాటకును మూలము ఆ తిరుగుడులోనే కలదు. కొలది యేండ్లకు ఉద్యోగము విడిచి మరల వకీలు వృత్తి చేపట్టిరి. 1913లో ఢాకా ప్రాంతమునుండి వంగ శాసనమండలికి ఎన్నికైరి.

ఇచట వంగదేశపు భూమి పద్ధతిని గూర్చి కొంత చెప్పుట అవసరము. 1800వ సంవత్సరమున దత్తమండలములు కుంపిణీవారి చేతికి రాగా, కలెక్టరు మన్రోదొర ఇచట రైతువారీ పద్ధతికి పునాది వేసెను. రైతు తన శిస్తును తానే సర్కారునకు చెల్లించును. వంగదేశమున అట్లు కాదు. 1793లో కారన్‌వాలిస్ ప్రభువు శాశ్వత శిస్తు నిర్ణయమను పేర జమీందారులకు భూమిని అప్పగించెను. జమీందారు సర్కారునకు చెల్లించు పైకము ఎన్నటికిని మారదు. రైతునుండి వసూలు చేయు మొత్తము మాత్రము పెరుగుచు పోయెను. జమీందారు క్రింద మధ్యవర్తి, వాని క్రింద ఇంకొక మధ్యవర్తి, ఇట్లు పెక్కు అంతస్తుల భారమును అడుగున నున్న రైతు మోయుచుండెను. పండుగకు, పెండ్లికి, జమీందారుగారి ప్రయాణమునకును వేర్వేరు మామూళ్లు. పొలము అమ్ముకొనవలెనన్న జమీందారునకు సలామీ సమర్పింపవలెను. తూర్పు వంగమున జమీందారులలోను వడ్డీ వ్యాపారులలోను పెక్కుమంది హిందువులు, రైతులలో పెక్కుమంది ముస్లిములు. కావున భూమి తగవు మతముల తగవుగా మారుట సులభమయ్యెను. అట్లు మారనీయక, రైతు తగవును రైతు తగవుగనే నిలుపవలెనని హక్‌గారి ప్రయత్నము.

యౌవనమున ఆయన కాంగ్రెసునకును లీగునకును సమానముగా ఆప్తులు. ఆనాడు ఒకే వ్యక్తి రెండు సంస్థలలో నుండుట వింత కాదు. 1916లో లక్నో నగరమున రెండు సంస్థలకును కుదిరిన ఒడంబడికలో ఆయన పాల్గొనిరి. 1918లో ఢిల్లీలో జరిగిన లీగు మహాసభకు అధ్యక్షత వహించిరి. 1919లో జలియన్‌వాలాబాగు ఘోరకృత్యముపై కాంగ్రెసు నియమించిన విచారణ సంఘమున గాంధీజీ, చిత్తరంజన్ దాస్, అబ్బాస్ త్యాబ్జీ మొదలైన పెద్దలతోపాటు సభ్యులుగా నియమితులైరి. అయినను సహాయ నిరాకరణోద్యమము ఆరంభమై విద్యార్థులు పాఠశాలలను విడువవలెనని పిలుపు వచ్చినప్పుడు ఆయన సమ్మతింపలేదు. చదువులో వెనుకబడిన ముస్లిం బాలురు ఉన్న బడిని కూడ విడిచినచో మరి కోలుకొనజాలరని ఆయన అభిప్రాయము. ఆ కారణమున కాంగ్రెసుకు దూరమైరి. పక్షముకంటె తాను నమ్మిన ప్రయోజనమే గొప్పదనుకొనుట ఆయన జీవితమున ఇది మొదటి పర్యాయము; కడపటిది కాదు. 1924లో కొలది నెలలు వంగరాష్ట్ర విద్యామంత్రిగా నుండి, కలకత్తాలో ఇస్లామియా కళాశాల స్థాపనకు కృషిచేసిరి.

1929లో వంగదేశమున నిఖిలవంగ ప్రజాసమితి యను రైతు సంస్థ ఏర్పడెను. 1935లో హక్‌గారు దాని అధ్యక్షులైరి. ఆ సంవత్సరమే కలకత్తా నగరమునకు మేయరుగా ఎన్నికైరి. ఆ పదవి నందిన మొదటి ముస్లిం ఆయనయే. మరుసటి సంవత్సరము సమితి పేరు కృషక ప్రజా పక్షమని మారెను. దాని ధ్యేయములు సామాన్యునకు తెలియునట్టివి. జమీందారీ పద్ధతి పోవలెను. రైతుల అప్పులు తగ్గవలెను. ప్రాథమిక విద్య ఉచితముగా లభింపవలెను. ప్రతి ఇంటను పప్పును అన్నమును ఉండవలెను. ఈ పప్పన్నపు మాట వంగదేశపు పల్లెలలో దావానలమువలె వ్యాపించెను.

1937 ఎన్నికలు వచ్చెను. పటువాఖలి నియోజకవర్గమున హక్‌గారికి ప్రత్యర్థి సర్ ఖ్వాజా నజీముద్దీన్. ఆయన ఢాకా నవాబు వంశీయుడు, గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడు. పటువాఖలి ప్రాంతమున స్వయముగా భూములు గలవాడు. ఒక ప్రక్క ధనమును అధికారమును, ఒక ప్రక్క కాలినడకను పడవప్రయాణమును. ఫలితము తెలిసినప్పుడు నవాబు వంశీయుడు పెద్ద తేడాతో ఓడెను. రైతులే జమీందారును ఓడించిరని దేశమంతట చెప్పుకొనిరి.

కాని 250 స్థానములు గల శాసనసభలో ఏ పక్షమునకును ఆధిక్యము రాలేదు. కాంగ్రెసు పెద్ద పక్షమయినను సగమునకు చాల తక్కువ. లీగును, కృషక ప్రజా పక్షమును దాదాపు సమానముగా నిలిచెను. హక్‌గారు మొదట కాంగ్రెసువారితోనే కలియగోరిరి. సంప్రదింపులు జరిగెను. తాము ఆధిక్యములేని రాష్ట్రములలో ఇతరులతో కలిసి మంత్రివర్గము ఏర్పరుపరాదని అఖిలభారత కాంగ్రెసు నాయకుల పట్టు. దానికితోడు, రాజకీయ ఖైదీల విడుదల ముందా, రైతుల చట్టములు ముందా యను వివాదము పుట్టెను. విడుదలకు గవర్నరు ఒప్పనిచో మంత్రివర్గము రాజీనామా ఈయవలెనని కాంగ్రెసువారు కోరిరి. చట్టములు కాకమునుపే పదవి పోయిన రైతునకేమి ఒరుగునని హక్‌గారి పక్షమువారు అడిగిరి. సంధి చెడెను. వంగదేశపు భవిష్యత్తును మార్చివేసిన చిన్న తగవులలో ఇదియొకటి.

కాంగ్రెసు తలుపు మూయగా లీగు తలుపు తెరచెను. 1937 ఏప్రిల్ 1వ తేదీన హక్‌గారు లీగుతో కలిసి మంత్రివర్గము నిర్మించి ప్రధానమంత్రియైరి. ఆనాడు రాష్ట్రపు మొదటి మంత్రిని ప్రధానమంత్రియనియే పిలిచెడివారు. పదునొకండుగురు మంత్రులలో ఆయన సొంత పక్షమునకు దక్కినవి రెండే పదవులు. మిగిలినవారిలో పెక్కుమంది జమీందారులు. పటువాఖలిలో ఓడిన నజీముద్దీన్‌గారు కూడ అందులో నుండిరి. జమీందారీని తొలగింతునని ఓట్లడిగిన నాయకుడు జమీందారుల నడుమ కూర్చుండవలసి వచ్చెను. సొంత పక్షమువారే పలువురు ఆగ్రహించి ఎదురుతిరిగిరి. వారు విడిపోగా హక్‌గారు బలహీనులై, 1937 అక్టోబరులో లక్నోలో లీగు మహాసభకు పోయి ఆ సంస్థలో చేరిరి. 1938లో అవిశ్వాస తీర్మానము వచ్చినప్పుడు ఐరోపీయ సభ్యుల ఓట్ల బలమున మంత్రివర్గము నిలిచెను.

ఇన్ని చిక్కులలోను రైతులకు జరిగిన మేలు సామాన్యము కాదు. 1938 కౌలు చట్టమువలన జమీందారుల మామూళ్లు నిషిద్ధమయ్యెను. పొలము అమ్మునప్పుడు చెల్లింపవలసిన సలామీ రద్దయ్యెను. వేలకొలది ఋణపరిష్కార సంఘములు గ్రామములలో వెలసెను. ఆ సంఘముల యెదుట రైతు, షావుకారు ఇరువురును తమ లెక్కలు ఉంచవలెను. సంఘమువారు న్యాయమని తోచిన మొత్తమును నిర్ణయించి వాయిదాల మీద చెల్లింప ఏర్పాటు చేయుదురు. 1940 వడ్డీ వ్యాపారుల చట్టమువలన తాకట్టు గల అప్పునకు నూటికి ఎనిమిది, లేని అప్పునకు పది వడ్డీకి మించరాదని నిర్ణయమయ్యెను. జమీందారీ పద్ధతిని విచారించుటకు 1938లో ఫ్లౌడు దొర అధ్యక్షతన నియమించిన సంఘము 1940లో ఆ పద్ధతిని తొలగింపవలెనని సిఫారసు చేసెను.

ఆ సంవత్సరములలోనే మన మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసెను. ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షత వహించిరి. అనంతపురము జిల్లా రైతునకు మద్రాసు చట్టము ఎట్టి ఊరట కలిగించెనో, బారిసాల్ రైతునకు హక్‌గారి చట్టములు అట్టి ఊరట కలిగించెను. ఒక రాష్ట్రమున కాంగ్రెసు, ఒక రాష్ట్రమున లీగు కూటమి; పని మాత్రము ఒకటే.

1940 మార్చి 23వ తేదీన లాహోరు లీగు మహాసభలో వాయవ్య ప్రాచ్య దిశల ముస్లిం ఆధిక్య ప్రాంతములు స్వతంత్ర రాజ్యములు కావలెనను తీర్మానమును ప్రతిపాదించినవారు హక్‌గారే. పాకిస్తాను తీర్మానమని చరిత్రలో ప్రసిద్ధికెక్కినది అదియే. ఆ తీర్మానమును ప్రతిపాదించిన వ్యక్తియే ఏడాదిన్నర గడవకమునుపు లీగు అధినేతను ధిక్కరించుట ఎట్లు సంభవించెనో ఇక చెప్పవలసియున్నది.

రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండెను. 1941 జూలైలో వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు జాతీయ రక్షణ మండలి యను సంఘము నేర్పరచి, అందు పంజాబు ప్రధాని సికందర్ హయత్ ఖాన్‌ను, అస్సాము ప్రధాని సాదుల్లాను, వంగ ప్రధాని హక్‌ను సభ్యులుగా చేర్చెను. లీగు అధ్యక్షులైన మహమ్మదలీ జిన్నాగారు దీనిని సహింపలేదు. తన అనుమతి లేక లీగువారు ప్రభుత్వ మండలిలో చేరుట క్రమశిక్షణకు విరుద్ధమని, వెంటనే రాజీనామా చేయవలెనని శాసించిరి. తాము రాష్ట్రముల ప్రధానులుగా నియమితులైరే గాని లీగు ప్రతినిధులుగా కాదని ఆ ముగ్గురి వాదము. ఆగస్టులో బొంబాయిలో లీగు కార్యవర్గము కూడినప్పుడు తక్కిన ఇరువురును లొంగిరి. హక్‌గారు ఆ సమావేశమునకు పోలేదు.

సెప్టెంబరు 8వ తేదీన ఆయన లీగు కార్యదర్శి లియాఖత్ అలీ ఖాన్‌గారికి సుదీర్ఘమైన లేఖ వ్రాసిరి. ముస్లిముల ఐకమత్యము చెడరాదని రక్షణ మండలి సభ్యత్వమును వదలుకొనుచున్నట్లు తెలిపిరి. కాని దానితోపాటు లీగు కార్యవర్గ సభ్యత్వమును కూడ వదలుకొనిరి. ముస్లిములు అల్పసంఖ్యాకులైన రాష్ట్రముల నాయకులు, మూడుకోట్లకు మించిన వంగ ముస్లిముల మేలును పట్టించుకొనక, దూరముననుండి వారిని నడిపింపజూచుట అన్యాయమని ఆ లేఖ సారాంశము. ఒక్కని ఇష్టమే పక్షపు శాసనమగుట ప్రజాస్వామ్యము కాదని కూడ అందు సూచించిరి. ఈ లేఖ వెల్లడియగుటతో కలకత్తా వీధులలో ఆయనకు వ్యతిరేకముగా ఊరేగింపులు బయలుదేరెను. నిన్నటిదాక శార్దూలమని జేజేలు కొట్టినవారే నేడు ద్రోహియనిరి.

డిసెంబరు ఆరంభమున లీగు మంత్రులు రాజీనామా ఇచ్చి మంత్రివర్గమును కూల్చిరి. హక్‌గారి కథ ముగిసినదని వారు తలచిరి. కాని ఆయన అదివరకే వేరొక కూటమిని సిద్ధము చేసిరి. దాని పేరు ప్రగతిశీల కూటమి. సుభాష్ చంద్రబోసు అన్నగారైన శరత్ చంద్ర బోసు వర్గమును, తనను విడిచిపోయిన శంసుద్దీన్ అహమ్మద్ మొదలైన కృషక ప్రజా సభ్యులును, నిమ్నజాతుల ప్రతినిధులును, లీగును విడిచిన ఢాకా నవాబు హబీబుల్లాయును, హిందూ మహాసభ నాయకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీయును అందు చేరిరి. జిన్నాగారు హక్‌గారిని లీగునుండి బహిష్కరించిరి. అప్పటికి జపాను యుద్ధమున దిగి కొలది దినములే అయ్యెను. డిసెంబరు 11వ తేదీన సర్కారువారు శరత్ బోసును నిర్బంధించిరి. కూటమికి ఒక స్తంభము మొదటిరోజుననే విరిగెను. అయినను హక్‌గారు మరల ప్రధానియై నూతన మంత్రివర్గమును నిలిపిరి.

లాహోరు తీర్మానకర్తయు హిందూ మహాసభ నాయకుడును ఒకే మంత్రివర్గమున కూర్చుండుటను చూచి పలువురు పరిహసించిరి. ఇది పదవీవ్యామోహమని లీగువారు నిందించిరి. ఆ నిందలో సత్యము లేకపోలేదు. హక్‌గారికి పదవి ప్రియము కాదని ఆయన మిత్రులును చెప్పజాలరు. కాని దానిని మించిన సత్యము వేరొకటి కలదు. ఆ సంవత్సరము ఢాకా నగరమున మతకల్లోలములు చెలరేగి ఇండ్లు తగులబడెను. రెండు మతముల నాయకులు ఒకే బల్ల యెదుట కూర్చుండనిదే రాష్ట్రము నిలువదని ఆయన గ్రహించిరి. గురువుగారి కుమారుని ప్రక్కన కూర్చుండి ఆయన చేయజూచినది ఆ ప్రయత్నమే.

కాలము వారికి అనుకూలింపలేదు. 1942 మార్చిలో రంగూను జపాను వశమయ్యెను. బర్మా బియ్యము రాక నిలిచిపోయెను. శత్రువు వచ్చినచో వానికి చిక్కరాదను నెపమున సర్కారువారు సముద్రతీర జిల్లాలలో బియ్యపు నిల్వలను తరలించిరి. పదిమందికి మించి ఎక్కదగిన పడవలను స్వాధీనపరచుకొనిరి, చెడగొట్టిరి. పడవయే బండియు ఎద్దును అయిన బారిసాల్ వంటి ప్రాంతమున పడవ పోవుటయన్న మన సీమలో రైతు కాడెద్దులను తోలుకొనిపోవుట వంటిది. ఈ పనులన్నియు గవర్నరు సర్ జాన్ హెర్బర్టు మంత్రులకు చెప్పక నేరుగా అధికారులచేత చేయించెను. 1942 ఆగస్టులో హక్‌గారు గవర్నరుకు తీవ్రమైన నిరసన లేఖ వ్రాసిరి. మంత్రివర్గము పేరునకు మాత్రమే మిగిలినదని వారి ఆక్షేపణ. అక్టోబరు 16వ తేదీన మిడ్నపూరు తీరమును మహాప్రళయమువంటి తుఫాను ముంచెత్తెను. అచట సర్కారు సాగించిన దమనకాండకు నిరసనగా నవంబరులో శ్యామాప్రసాద్‌గారు రాజీనామా చేసిరి.

1943 మార్చి 28వ తేదీ రాత్రి గవర్నరు హక్‌గారిని తన భవనమునకు పిలిపించి, అదివరకే సిద్ధముచేసి యుంచిన రాజీనామా పత్రముపై సంతకము చేయించుకొనెను. శాసనసభలో అప్పటికిని ఆయనకు ఆధిక్యము కలదు. సభ తీసివేయని మంత్రివర్గమును గవర్నరు తీసివేసెను. ఏప్రిల్ 24వ తేదీన నజీముద్దీన్‌గారి నాయకత్వమున లీగు మంత్రివర్గము వచ్చెను. పటువాఖలిలో ఓడినవాడు కలకత్తాలో గెలిచెను.

ఆ సంవత్సరమే వంగదేశమున కరువు విజృంభించెను. మన సీమలో ధాత కరువును గూర్చి తాతలు చెప్పగా విన్నవారికి ఆ దృశ్యము ఊహింప కష్టము కాదు. అయితే ధాత కరువు వానలు లేక వచ్చినది. వంగ కరువు యుద్ధము, ధరలు, దాచిన ధాన్యము, సర్కారు ఉపేక్ష కలిసి తెచ్చినది. పల్లెలు విడిచిన జనులు కలకత్తా వీధులలో గంజి కొరకు దేవురించి ప్రాణములు విడిచిరి. పదునైదు లక్షలమంది మరణించిరని 1945 నాటి విచారణ సంఘము చెప్పెను. తరువాతి చరిత్రకారులు ముప్పది లక్షల వరకును లెక్కించిరి. అప్పుల చట్టములు, కౌలు చట్టములు రక్షింపగోరిన జనమే అట్లు నశించెను. ఈ కరువునకు బీజములు హక్‌గారి కాలముననే పడెను. ఆయన నిరసించిరే గాని ఆపలేకపోయిరి. పదవినుండి గెంటబడక ముందే, సెలవు గైకొని ప్రజల మధ్యకు పోవలసినదని చెప్పువారు కలరు. ఆ మాటను తీసివేయ వీలులేదు.

తరువాతి కథ విచారకరము. 1946 ఎన్నికలలో లీగు ప్రవాహమున కృషక ప్రజా పక్షము కొట్టుకొనిపోయెను. హక్‌గారు మాత్రము తాము నిలిచిన రెండు స్థానములలోను గెలిచిరి. పక్షము లేని నాయకుడు ఎంతకాలము నిలువగలడు? ఆ సంవత్సరమే వారు మరల లీగులో చేరిరి. దేశము విభక్తమైన పిదప ఢాకా చేరి తూర్పు పాకిస్తాను ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసిరి.

ఎనుబది యేండ్ల వయస్సున శార్దూలము మరియొకమారు గర్జించెను. 1953లో కృషక శ్రామిక పక్షమును స్థాపించి, మౌలానా భాషానీ, సుహ్రావర్దీ గారల పక్షముతో ఐక్య సంఘటన కట్టిరి. 1954 మార్చి ఎన్నికలలో ఆ సంఘటన 237 ముస్లిం స్థానములలో 223 గెలుచుకొనెను. ఏ లీగు ఆయనను బహిష్కరించెనో ఆ లీగునకు పది స్థానములకు మించలేదు. ఏప్రిల్‌లో ముఖ్యమంత్రియైరి. కలకత్తా వెళ్లి, ఉభయ వంగముల ప్రజలు ఒకే భాష మాటలాడు సోదరులని అర్థము వచ్చునట్లు పలికిరని కరాచీ పెద్దలు కోపించి, రెండు నెలలు నిండకమునుపే మే నెల చివర మంత్రివర్గమును రద్దుచేసిరి. మరుసటి సంవత్సరము కేంద్రమున హోంమంత్రిగను, 1956 నుండి 1958 వరకు తూర్పు పాకిస్తాను గవర్నరుగను నుండిరి. 1962 ఏప్రిల్ 27వ తేదీన ఢాకాలో కన్నుమూసిరి. తొమ్మిదేండ్ల తరువాత, 1971లో, ఆ ప్రాంతము బంగ్లాదేశను పేర స్వతంత్ర రాజ్యమయ్యెను.

హక్‌గారు పక్షములు మార్చినవారు. కాంగ్రెసును విడిచిరి, లీగును విడిచిరి, విడిచిన లీగులో మరల చేరిరి. దీనిని చపలత్వమనువారు కలరు. మన ప్రకాశం పంతులుగారు కూడ 1951లో కాంగ్రెసును విడిచి, 1953లో తమ కొత్త పక్షమును కూడ విడిచి, కాంగ్రెసు బలముతో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియైరి. ఆయనను కూడ నిందించినవారు కలరు, మెచ్చినవారు కలరు. పక్షము మారినాడా లేదా యని మాత్రమే అడిగినచో ఇట్టివారి విలువ తెలియదు. ఏ మేలు కొరకు చేరెను, ఆ మేలునకు ఏది అడ్డు వచ్చినప్పుడు విడిచెను, విడిచిన పిదప ఏమి పోగొట్టుకొనెను అని అడుగవలెను. 1941లో హక్‌గారు లొంగియుండినచో పదవిలో నిశ్చింతగా నుండెడివారేమో. లొంగకపోవుటవలన తన జాతివారి ప్రేమను కొంతకాలము, పదవిని రెండేండ్లలోపు పోగొట్టుకొనిరి. చేరినప్పటి తప్పు ఆయనదే. విడిచినప్పటి ధైర్యము కూడ ఆయనదే.

ఢాకా నగరమున హైకోర్టు సమీపమున ఒక సమాధిస్థలము కలదు. అచట ప్రక్కప్రక్కన ముగ్గురు నాయకులు నిద్రించుచున్నారు. ఒకరు ఫజ్లుల్ హక్. రెండవవారు 1941లో ఆయన మంత్రివర్గమునుండి వైదొలగి, 1954లో ఆయనతో చేయి కలిపిన సుహ్రావర్దీ. మూడవవారు పటువాఖలిలో ఆయనచేత ఓడి, 1943లో ఆయన స్థానమును ఆక్రమించిన ఖ్వాజా నజీముద్దీన్. బ్రదికియున్నంతకాలము ఒకరినొకరు పడద్రోసికొనిన ఆ మువ్వురిలో, చాఖార్ పల్లెలో ఒక రైతు తన తాత చేలను షావుకారు పాలుగాకుండ కాపాడినవాడెవ్వడని అడిగినచో చెప్పు పేరు మాత్రము ఒక్కటే.